శేషాచలం కాలిబాటలు – నాడు, నేడు

1944 ఏప్రిల్ 10వ తేదీన తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ దానిని ప్రారంభించారు. మన సంఘ సభ్యుల్లో ఎనభై దాటిన పెద్దలు కొందరిని మినహాయిస్తే, మిగిలిన మనమందరం ఆ రోడ్డు వచ్చాక పుట్టినవాళ్ళమే. కొండకు వెళ్ళడమంటే బస్సెక్కి కూర్చోవడం, మలుపుల దగ్గర కళ్ళు మూసుకోవడం, పిల్లల చేతికి నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమనడం – మనకు తెలిసిన యాత్ర ఇదే.

అంతకు పూర్వం కొన్ని వందల ఏళ్ళపాటు కొండకు వెళ్ళిన ప్రతి మనిషీ తన కాళ్ళ మీద వెళ్ళాడు. లేదంటే మరొకరి భుజాల మీద, డోలీలో వెళ్ళాడు. రాజుకైనా రైతుకైనా మూడో మార్గం లేదు. ఆ కాలిబాటలను ఎవరు వేశారు, ఎవరు కాపాడుతూ వచ్చారు, నేడు వాటి పరిస్థితి ఏమిటి అన్న సంగతులు పాఠక మిత్రులకు క్లుప్తంగా మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. స్వామివారి మహిమను గురించి రాసిన గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. స్వామి దగ్గరకు చేర్చిన దారిని గురించి రాసినవి తక్కువ.

కొండ, అడవి

తిరుమల మనకు ముందుగా పుణ్యక్షేత్రం. భూగోళం ప్రకారం చూస్తే అది తూర్పు కనుమల్లోని శేషాచలం శ్రేణిలో, సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున, అడవి నడుమ ఉన్న ఊరు. కింద తిరుపతి వైపు గ్రానైటు జాతి శిలలు, వాటి మీద గోడ కట్టినట్లు నిలువుగా లేచిన ఎర్రని క్వార్ట్‌జైట్ బండలు. ఈ రెండు రకాల రాళ్ళు పుట్టిన కాలాల మధ్య కోట్లాది సంవత్సరాల ఎడం ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండ మీద గుడికి సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం కూడా ఈ బండల్లో ప్రకృతి మలచినదే. దాని వెడల్పు 25 అడుగులు, ఎత్తు 10 అడుగులు.

ఈ రాతి నేల మీద పెరిగే చెట్లలో ప్రసిద్ధమైనది ఎర్రచందనం. ప్రపంచంలో మరెక్కడా లేకుండా, మన రాయలసీమ కొండల్లోనూ వాటి చుట్టుపక్కలనూ మాత్రమే సహజంగా పెరిగే వృక్షమిది. చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి, రేచుకుక్క, దేవాంగపిల్లి – ఇవన్నీ ఈ అడవి నివాసులు. రాతి సందుల్లో బంగారు రంగు బల్లి ఒకటి ఉంటుంది. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ దొర 1870లో ఆ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

నీళ్ళు తక్కువ, ఎక్కుడు ఎక్కువ, మృగభయం ఉన్న అడవి ఇది. ఇలాంటి అడవిలో దారి వేయడం ఒక్కరి వల్ల, ఒక్క తరంలో అయ్యే పని కాదు.

రెండు మెట్ల దారులు

నేడు యాత్రికులు నడిచే దారులు ప్రధానంగా రెండు. మొదటిది అలిపిరి దారి. కొండ పాదం నుంచి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. రెండవది శ్రీవారి మెట్టు. చంద్రగిరి దగ్గర శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే దారి. దీని పొడవు 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. దూరం తక్కువని సంబరపడితే లాభం లేదు. ఆ తగ్గిన దూరమంతా నిలువుగా ఎక్కవలసిందే.

చంద్రగిరి విజయనగర రాజుల ముఖ్యస్థానాలలో ఒకటి, చివరి రోజుల్లో వారి రాజధాని కూడా. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమల దర్శించాడు. ఈ సంగతికి శాసనాల ఆధారమున్నది. ఆయన శ్రీవారి మెట్టు దారినే ఎక్కాడని ఆ ప్రాంతం వారు నేటికీ చెప్పుకొంటారు. ఏ దారిన వెళ్ళినా నడిచే వెళ్ళి ఉండాలి, లేదా పల్లకీలో వెళ్ళి ఉండాలి. ఏనుగులూ అశ్వాలూ ఎన్ని ఉన్నా ఈ మెట్ల మీద వాటి ప్రయోజకత్వం అంతంతమాత్రమే!

అలిపిరి దారిలో మెట్ల నిర్మాణానికి సంబంధించి ముఖ్యంగా వినిపించే పేరు మట్ల అనంతరాజుది. సిద్ధవటం కేంద్రంగా పాలించిన మట్ల వంశీయులు పదిహేడవ శతాబ్ది ప్రాంతంలో ఈ దారికి మెట్లూ గోపురమూ సమకూర్చారు. అయితే రాజు పేరు నిలిచినంత తేలికగా రాయి మోసిన కూలివాడి పేరు నిలవదు గదా. ఆ మెట్ల రాళ్ళను కొట్టినదీ, మోసినదీ, పరచినదీ ఎవరో ఏ శాసనమూ చెప్పదు. అరిగిపోయిన మెట్టు మీద కాలు పెట్టినప్పుడు వారిని తలుచుకోవడం మన ధర్మం.

ఈ శాసనాల గురించి మరొక మాట. కొండ మీదా కింద తిరుపతిలోనూ ఉన్న వెయ్యికి పైగా శాసనాలను దేవస్థానం పక్షాన చదివి, క్రమపరచిన పండితుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. 1930వ దశకంలో అవి సంపుటాలుగా వెలువడ్డాయి. ఒక ఉద్యోగి తన ఉద్యోగధర్మాన్ని శ్రద్ధగా నిర్వహిస్తే ఎన్ని తరాలకు ఉపయోగపడుతుందో చెప్పడానికి, విశ్రాంత ఉద్యోగులమైన మనకు ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కర్లేదు.

దారి పేర్లే దారి చరిత్ర

అలిపిరి దారిలోని మజిలీల పేర్లు వింటేనే నడిచినవారి కష్టసుఖాలు తెలుస్తాయి. మొదట పాదాల మండపం. కాస్త పైన తలయేరు గుండు. యాత్రికులు ఆ బండకు తల ఆనించి, మోకాళ్ళు ఆనించి నొప్పులు లేకుండా ఎక్కించమని మొక్కుకొంటారు. తరువాత గాలి గోపురం. మొత్తం మెట్లలో సగానికి పైగా ఇక్కడికే ఎక్కేస్తాము. చెమటలు కక్కుతూ వచ్చినవాడికి ఇక్కడ కొండగాలి తగులుతుంది. పేరు అతికినట్లు ఉంటుంది. అక్కడి నుంచి కొంత దూరం చదునుగా నడక, ఏడవ మైలు ఆంజనేయస్వామి, జింకల పార్కు, ఘాట్ రోడ్డు పక్కగా కొంత నడక. చివరకు మోకాళ్ళ పర్వతం.

అలసిపోయిన కాళ్ళకు చిట్టచివర నిట్టనిలువు మెట్లు ఎదురవుతాయి. కొండంతా స్వామి స్వరూపమే గనుక దానిని పాదాలతో తొక్కరాదని రామానుజాచార్యులవారు మోకాళ్ళ మీద ఎక్కారని ఐతిహ్యం. తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) బాల్యంలో యాత్రికుల గుంపుతో వచ్చి, మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలికీ అలసటకూ తాళలేక చెట్టు నీడన సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగమ్మ కనబడి కాలి చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టిందనీ మరొక ఐతిహ్యం. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము ఆయన జీవితానికి మనకు ప్రధానాధారం. ఐతిహ్యాలను ఎంతవరకు నమ్మాలన్నది ఎవరి ఇష్టం వారిది. కానీ ఎనిమిదేళ్ళ పిల్లవాడు పెద్దల వెంట కొండకు నడిచి రావడం నాటి లోకానికి వింత కాదన్న సంగతి మాత్రం దీని వల్ల తెలుస్తుంది.

అడవి లోపలి బాటలు

ఈ రెండూ గాక మరికొన్ని బాటలున్నాయి. తాళ్ళపాక, రాజంపేట ప్రాంతం వారికి తిరుపతి చుట్టూ తిరిగి రావడం దూరాభారం. వారు కుక్కలదొడ్డి, మామండూరు ప్రాంతాల గుండా అడవిలో పడి నేరుగా కొండ మీదకు వచ్చేవారు. దానినే నేడు అన్నమయ్య మార్గం అంటున్నారు. దీనికి మెట్లు లేవు; వాగులు, బండలు, వెదురు పొదల నడుమ సాగే అడవి బాట.

కొండ మీద నుంచి తీర్థాలకు పోయే బాటలు వేరు. ఆకాశగంగ, పాపవినాశనం నేడు రోడ్డు మీదనే ఉన్నాయి. రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు తీర్థం మాత్రం అడవి లోపల ఉన్నాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం – ఇలా ఏడాదికొకసారి ముక్కోటి పేరిట జనం ఆ బాటల్లో నడుస్తారు. మన పూర్వులు ఏ ఉద్దేశంతో ఏర్పరచినా ఈ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. చలి ముదిరిన నాటి నుంచి ఎండలు ముదరక ముందు వరకు, నిండు వెన్నెల ఉన్న రోజుల్లో మాత్రమే మనిషి లోపలి అడవిలోకి వెళ్ళాడు. మిగిలిన ఏడాదంతా ఆ బాట అడవిదే.

అడవి దారుల అసలు జ్ఞానం ఈ ప్రాంతపు యానాదులదీ, పశువుల కాపరులదీ. ఏ కోనలో నీరు ఉంటుందో, ఏ వేరు దేనికి మందో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. వారి జ్ఞానం శాసనాలకు ఎక్కలేదు.

యాత్ర సాగిన తీరు

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమైనప్పుడు దేవాలయ నిర్వహణ కూడా కంపెనీవారి చేతికి వచ్చింది. 1843లో వారు దానిని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1933లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం మేరకు దేవస్థానం కమిటీ ఏర్పడింది. ఈ మార్పులన్నింటిలోనూ మెట్లు మారలేదు. యాజమాన్యాలు మారినా యాత్రికుడు అవే మెట్లు ఎక్కాడు.

ఆ రోజుల్లో ఊరి నుంచి గుంపుగా బయలుదేరేవారు. సత్తుపిండి, అటుకులు, బెల్లం మూట కట్టుకొనేవారు. చీకటి పడితే మండపంలో ఆగేవారు. ముసలివారికీ రోగులకూ డోలీ. ఒక్క మాటలో చెప్పాలంటే, కొండ ఎక్కడం మనిషి ఒంటరిగా చేసే పనిగా ఉండేది కాదు. ముందు నడిచేవాడు వెనుకవాడి కోసం ఆగేవాడు. గోవిందనామం భక్తికే గాక, మన గుంపు ఎక్కడున్నదో తెలియడానికీ, మృగాలు తప్పుకోవడానికీ అక్కరకు వచ్చేది.

రోడ్డు వచ్చింది, బాట మిగిలింది

1944లో రోడ్డు వచ్చింది. 36 మలుపులున్న ఆ రోడ్డును నేడు కొండ దిగడానికి వాడుతున్నారు. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చింది. ఎక్కడానికి అది. నడిచేందుకు పూట పట్టిన దూరం గంటలోపు ప్రయాణమైంది. వృద్ధులకూ, చంటిపిల్లల తల్లులకూ, అంగవికలురకూ కొండ అందుబాటులోకి వచ్చింది. ఇది గొప్ప మేలు. దీనిని కాదనేవారు చరిత్ర తెలియనివారు.

మామూలుగా బస్సు వచ్చిన ఊళ్ళో కాలిబాట పదేళ్ళలో తుమ్మచెట్ల పాలవుతుంది. తిరుమలలో అలా జరగలేదు. కారణం మొక్కు. నడిచి వస్తామని మొక్కుకొన్నవారు బస్సు ఉన్నా నడిచే వచ్చారు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళను, కర్పూరం వెలిగిస్తూ ఎక్కే కుటుంబాలను ఈనాటికీ చూడవచ్చు. తరువాతి కాలంలో దేవస్థానం వారు దారి పొడవునా చాలా భాగం పైకప్పు వేశారు. మంచినీళ్ళు, దీపాలు ఏర్పాటు చేశారు. నడిచేవారి సామాను ఉచితంగా పైకి చేర్చే ఏర్పాటు ఉన్నది. మన సర్వీసు రోజుల్లో టి.ఎ. బిల్లు పాస్ కావడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఆ సామాను ఎంతో వేగంగా చేరుతుంది!

అడవికి చట్టం వచ్చింది

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మన కొండల్లో అడవులు రిజర్వులయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. శేషాచలంలో కొంత భాగాన్ని 1985లో అభయారణ్యంగాను, 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగాను ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే తలకోన జలపాతం ఈ వనంలోనిదే. 2010లో శేషాచలం కొండలను 4,755 చదరపు కిలోమీటర్ల జీవావరణ మండలిగా గుర్తించారు.

జాతీయ వనమంటే అక్కడ మొదటి హక్కు అడవిది. పశువులను మేపరాదు, అనుమతి లేకుండా ప్రవేశించరాదు. మెట్ల దారులకు ఇరువైపులా ఉన్న అడవి ఈ వనంతో కలిసి ఉన్న అడవే. చిరుతకు ఎక్కడ వనం అయిపోయి ఎక్కడ మెట్లు మొదలయ్యాయో తెలియదు.

లోపలి బాటల మీద కట్టడికి మరొక కారణం ఎర్రచందనం దొంగ రవాణా. చెట్టుకు విదేశాల్లో ధర పెరిగిన కొద్దీ, యాత్రికులు నడిచిన అడవిలోనే దుంగలు నడిచాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది బలయ్యారు. వారు తమిళనాడు నుంచి వచ్చిన పేద కూలీలని వార్తలు వచ్చాయి. ఆ కాల్పుల తీరుపై ప్రశ్నలూ వచ్చాయి. దుంగ విలువ ఎవరికి దక్కిందో, ప్రాణం ఎవరిది పోయిందో పాఠకులే ఆలోచించగలరు.

ఇటీవలి గట్టి పరీక్షలు

2021 నవంబరు వర్షాలకు కొండచరియలు, బండలు విరిగిపడి శ్రీవారి మెట్టు దారి దెబ్బతిన్నది. మరమ్మతులు చేసి 2022 మేలో తిరిగి తెరిచారు.

2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక చిన్న బాలుడిపై చిరుత దాడి చేసింది. అదృష్టవశాత్తు పిల్లవాడు బతికాడు. అదే ఏడు ఆగస్టులో ఆరేళ్ళ పాప చిరుత వాత పడి మరణించింది. తల్లిదండ్రులతో మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన బిడ్డ. ఆ వార్త చదివి కంటతడి పెట్టని ఇల్లు లేదు. తరువాతి వారాల్లో బోనులు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు. నడిచేవారికి చేతికర్రలు ఇచ్చారు. పిల్లలతో మధ్యాహ్నం తరువాత నడవరాదని, గుంపులుగా వెళ్ళాలని నియమాలు పెట్టారు. దారిలో జంతువులకు తిండి పెట్టడాన్ని నిషేధించారు.

ఈ చివరి నియమం చాలామందికి నచ్చలేదు. జింకకు పండు పెడితే పుణ్యం గదా అన్నారు. కానీ సంగతి ఇలా ఉంటుంది. మనం పారేసిన తిండికి పందులు, కుక్కలు, కోతులు, జింకలు దారి పక్కకు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. చీకట్లో దాని కంటికి వంగి నడిచే చిన్నపిల్ల కూడా చిన్న జంతువులాగానే కనబడుతుంది. పుణ్యమనుకొని వేసిన పండు చిరుతను మెట్ల దాకా రప్పిస్తుంది. గుంపుగా నడవడం, పొద్దుండగా నడవడం, పిల్లలను నడిమధ్య ఉంచుకోవడం – ఇవి 2023లో కొత్తగా కనిపెట్టిన నియమాలు కావు. మన తాతముత్తాతలు పాటించినవే. దీపాలూ పైకప్పూ వచ్చాక మనం మరిచిపోయిన వాటిని, ఒక పసిబిడ్డ ప్రాణం పోయాక, కాగితం మీద రాయవలసి వచ్చింది.

మన సంగతి

2024 అక్టోబరులో దేవస్థానం వారు ఒక సూచన చేశారు. అరవై ఏళ్ళు దాటినవారు, మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ళ నొప్పులు ఉన్నవారు, గుండెజబ్బు గలవారు మెట్ల దారిన రావద్దని దాని సారాంశం. అంటే దాదాపు మన సభ్యత్వ జాబితా అంతా అందులో ఉన్నట్లే! దీనికి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. పూర్వం వృద్ధులు డోలీ ఎక్కారు, మనం బస్సెక్కుతాం. మొక్కు మిగిలి ఉంటే వైద్యుని అడిగి, నియమాలూ వేళలూ ముందుగా తెలుసుకొని, తోడు పెట్టుకొని మరీ వెళ్ళాలి. ఆ వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక నిరుటి మాట పట్టుకొని పోరాదు.

ఎక్కలేకపోయినా మనం చేయగలిగినవి ఉన్నాయి. మనవలూ మనవరాళ్ళూ కొండకు నడిచి వెళ్తామంటే తలయేరు గుండు కథ, మోకాళ్ళ పర్వతం కథ చెప్పి పంపండి. ప్లాస్టిక్ సంచి తీసుకుపోవద్దని, కోతికి బిస్కట్టు వేయవద్దని, చీకటి పడేలోగా పైకి చేరమని కూడా చెప్పండి. అది అడవి అని, అందులో మనం అతిథులమని చెప్పండి. సెల్‌ఫోన్ చూస్తూ మెట్లు ఎక్కే పిల్లలకు ఈ మాట ఇంట్లో పెద్దలు చెబితేనే ఎక్కుతుంది.

చివరగా ఒక మనవి. రాజుల దానాలను శాసనాలు భద్రపరచాయి. మామూలు మనుషుల నడకను ఎవరూ రాసి పెట్టలేదు. రోడ్డు రాక ముందు కొండ ఎక్కినవారు నేడు బహుకొద్దిమంది. వారి నోట విన్న పిల్లలం మనం. మీ అమ్మానాన్నలు, తాతమ్మలు ఏ ఊరి నుంచి ఏ దారిన నడిచారు, ఎన్ని రోజులు పట్టింది, ఏ మండపంలో వండుకొన్నారు, డోలీ మోసినవారు ఏ ఊరివారు – గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి సంఘ కార్యాలయానికి పంపండి. అక్షరదోషాలకు ఎవరూ మార్కులు తగ్గించరు. నాలుగు వాక్యాలైనా చాలు. మన తరం దాటితే ఆ నాలుగు వాక్యాలు రాయగలిగినవారు ఉండరు.